బదులుకు రాని చేతులు

పొద్దు పొడిచి కాసేపయింది. మిరపకాయ ఏరే ఆడవాళ్ల గుంపు ఊరి వైపు నుంచి బండ్ల బాట వెంట వస్తోంది. తలకు తువ్వాళ్లు, చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు, చేతుల్లో సద్ది డబ్బాలు. ఆమె తన చేను మొదట్లో నిలబడి వాళ్లకోసమే చూస్తోంది. అప్పటికే మంచినీళ్ల బిందె తెచ్చి మోటారు డబ్బా నీడలో పెట్టింది. కాయ పోయడానికి పట్టాలు పరిచింది. పక్కన ఆమె అత్త మూడు రాళ్లు పెట్టి చాయ్‌కి మంట రాజేస్తోంది.

గుంపు దగ్గరికొచ్చింది. ఆగలేదు. ఒకరి వెనక ఒకరు ఆమె చేను గట్టు మీదుగానే నడిచి, ఆనుకుని ఉన్న మా అన్న చేలోకి దిగారు.

"ఏందక్కా, ఇటు గదా?" అంది ఆమె.

ముందు నడుస్తున్నావిడ తల తిప్పకుండానే జవాబిచ్చింది. "ఇయ్యాల పెద్దమ్మ చేనే. నీది తర్వాత జూద్దం తియ్యి." పెద్దమ్మ అంటే మా వదిన.

"నిన్న మాపటికి ఇంటింటికి వచ్చి చెప్తి గదనే. అందరు సరే అంటిరి."

"అంటిమి. ఎవలు కాదన్నరు? జర పని వడ్డది."

ముసలి అత్త పొయ్యి దగ్గర నుంచే లేచింది. "పని వడ్డదా, మన్ను వడ్డదా! నీ మడిల నా కోడలు నడుము ఇరగ్గొట్టుకోంగ పని యాదికి రాలేదానే? ఎనకకు సూడు ఒకపారి, నీ మొకం సూత్త!"

ఎవరూ వెనక్కి చూడలేదు. గుంపు చివరనున్న ఒక కొత్త కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికో, సిగ్గుతోనో నాకు తెలియదు. కాసేపటికి మా చేలో బకెట్లలో కాయ పడుతున్న చప్పుడు మొదలైంది. ఆమె పట్టా అంచు మీద ఎగిరిపోకుండా పెట్టిన రాయిని సరిచేసింది. మళ్లీ సరిచేసింది.

నేను మా గట్టు మీదే ఉన్నాను. పేపరు ఉద్యోగం మానేశాక పంట రోజుల్లో హనుమకొండ నుంచి ఊరికి వచ్చి అన్నకు తోడుగా ఉండడం అలవాటైంది. జిల్లా డెస్కులో కూర్చున్నన్నాళ్లూ పంట చావడం గురించి చాలా రాశాను. నకిలీ విత్తనం, తామర పురుగు, వడగండ్లు, ఎండిన బోరు. పురుగు లేకుండా, ఎండ లేకుండా, ఒక్క మాట కూడా అనకుండా పండిన చేనును చంపొచ్చని ఆ రోజే చూశాను.

మిరప సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. పత్తి నాలుగు రోజులు ఆగుతుంది, వరిని మిషను కోస్తుంది. మిరపకు చేతులే కావాలి, ఒకేసారి చాలా చేతులు కావాలి. పండిన కాయను వారంలో తెంపకపోతే చెట్టు మీదే వాడి, రంగు పోయి తాలు అవుతుంది. కైకిలికి, అంటే రోజు కూలికి, మనుషుల్ని పెట్టుకునే స్తోమత చిన్న రైతుకు ఉండదు. అందుకే మా దిక్కు ఊళ్లల్లో బదులు పద్ధతి ఉంది. ఇవాళ నీ చేనులో నేను చేస్తాను, రేపు నా చేనుకు నువ్వు రావాలి. పైసా చేతులు మారదు. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ వెళ్లి పిలవాలి. చేను వాళ్లు మంచినీళ్లు పెట్టాలి, నడిపొద్దుకు చాయ్ పోయాలి. అంతే. రాతకోతలు ఉండవు. ఎవరు ఎవరికి ఎంత చేశారో ప్రతి ఆడమనిషికీ నోటి లెక్కగా తెలుసు. చావు, కాన్పు, జ్వరం తప్ప బదులు ఎగ్గొట్టడానికి మరో కారణం ఒప్పుకోరు. ఎగ్గొట్టిన మనిషిని ఊరు చాలా రోజులు దెప్పుతుంది.

ఆమె ఆ వానకాలమంతా బదులు చేసింది. అందరి మడుల్లో నాట్లు వేసింది, అందరి పత్తిలో కలుపు తీసింది. మా చేలో మొదటి ఏరుడుకు ఆమే ముందు సాలు పట్టింది. ఆమె చేయి చురుకు. మిగతావాళ్లు "నువ్వు జర మెల్లగ పోవే, మా ఇజ్జత్ తీత్తానవ్" అని వేళాకోళం చేసేవాళ్లు. వాళ్లతోనే సద్ది తిన్నది. వాళ్ల బిందెలో నీళ్లే తాగింది.

ఆమెకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి అప్పుడు వాళ్లకు తెలియదా? తెలుసు. అయిదారేళ్లుగా ఊరందరికీ తెలుసు.

ఆమె పెనిమిటి వరికోత మిషను నడిపేవాడు. సీజన్లో మిషనుతో పాటు ఊళ్లు, రాష్ట్రాలు తిరిగేవాడు. ఒక యేడు తిరిగి వచ్చాక జ్వరం విడవలేదు. ఊళ్లో ఉండే డాక్టరు సెలైన్లు ఎక్కించాడు. బరువు తగ్గాడు, దగ్గు పట్టుకుంది. పెద్ద దవాఖానకు పోయేసరికి ఆలస్యమైంది. అతనికి పరీక్ష చేసి, తర్వాత ఆమెకు చేశారు. బిడ్డకు కూడా చేశారు. బిడ్డకు లేదు. ఇద్దరికీ మందులు మొదలుపెట్టారు. అతను నిలవలేదు, ఆమె నిలిచింది. నెలనెలా హనుమకొండ బస్సెక్కి వెళ్లి మందులు తెచ్చుకుంటుంది, తప్పకుండా వేసుకుంటుంది. రక్తంలో వైరస్ ఇప్పుడు దొరకనంత తక్కువగా ఉందని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట ఆమె నాతో చెప్పినప్పుడు, పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా చెప్పింది. "దొరకలేదట మామా. దేవులాడిన్రట, దొరకలేదట."

అతను పోయిన రోజు నేను వెళ్లాను. పాడె ఎత్తడానికి వచ్చిన నలుగురూ చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నారు. ఆ నలుగురినీ చిన్నప్పటి నుంచి ఎరుగుదును. పురుగుమందును వట్టి చేత్తో డ్రమ్ములో కలిపే మనుషులు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉన్నా అదే చేత్తో బీడీ ముట్టించుకునే మనుషులు. చచ్చిపోయిన సోపతిగాణ్ణి ముట్టుకోవడానికి సంచులు కావలసి వచ్చాయి.

అప్పుడు ఊరంతా ఒకటే ప్రశ్న అడిగింది. ఎట్ల వచ్చింది? ఎక్కడ అంటుకుంది, ఎవరి నుంచి, ఎప్పుడు? కల్లు కాడ, కిరాణా కొట్టు ముందు, బస్సులో అదే ముచ్చట. ఇద్దరు ఆడవాళ్లు, ఒక పిల్ల, రెండెకరాల చేను. వీళ్లు ఎట్ల బతుకుతారు అని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే అతనికి ఎట్ల వచ్చిందో నేను ఇక్కడ రాయను. నాకు తెలియదు. తెలిసినా రాయను.

చేను పట్టా అత్త పేరు మీద ఉంది. ముసలామెకు ఇంకో కొడుకున్నాడు. వేరే పోయాడు, అతని వాటా అతనికి ఎప్పుడో ఇచ్చారు. అన్న పోయినప్పటి నుంచి అతను ఒకే మాట చెబుతున్నాడు. ఆడమనిషి, పైగా పాణం బాగలేని మనిషి, ఎవుసం ఎక్కడ చేస్తది, చేను నాకియ్యి, ఇంత గింజలు కొలుస్త అని. ముసలామె ఒప్పుకోలేదు. "అది చేసినన్ని దినాలు అదే చేత్తది. చేత కాన్నాడు సూద్దాం" అంది. అంటే ఆమె చేను ఆమెకు దక్కడానికి ఒకటే షరతు. ప్రతి యేడూ తన పంట తాను ఇంటికి తెచ్చుకోగలగాలి. అత్త మాట తప్ప ఆమెకు వేరే కాగితం లేదు.

ఆ పొద్దున వెనక్కి తిరగకుండా నడిచిపోయిన ఆడవాళ్లందరికీ ఈ షరతు తెలుసు. మా వదినకు ఇంకా బాగా తెలుసు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లాక వదినను అడిగాను. ఆమె పళ్లెంలో అన్నం పెడుతూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నేను పిలువలేదు. వాళ్లే వచ్చిన్రు, నీ చేన్ల ఏరుతమని. ఎళ్లగొట్టాల్నా?"

"ఆమె నిన్న పిలిచిందని నీకు తెలుసు కదా?"

"తెలుసు. నేను వద్దంటె ఇంకోళ్ల చేన్లకు పోదురు. మన కాయ తాలు గావాల్నా?"

"అసలు ఎందుకు పోరట?"

"కాయ ఏరంగ వేళ్లు పగుల్తయ్. దాని నెత్తురు కాయలకు అంటుతదట. ఆ చేన్ల మేం చెయ్యి పెట్టమంటాన్రు."

"మరి మన చేలో ఆమె ఏరినప్పుడు వేళ్లు పగల్లేదా?"

 వదిన పచ్చడి వేస్తూ అంది. "మన కాయ ఎనుమాములకు పోతది. మనమా తినేది?"

"ఆమెది మాత్రం ఎక్కడికి పోతుంది? అదే మార్కెట్టుకు."

"నాకేం ఎరుక? అంత తెలివుంటె పోయి పేపర్ల రాసుకో. నేను ఈ ఊళ్లె బతకాలె. నువ్వు పంట అయినంక బస్సెక్కి పోతవ్."

వదిన చెడ్డమనిషి కాదు. ఆ సాయంత్రమే గిన్నెలో కూర పోసి వాళ్లింటికి పంపింది. కూర ఇస్తారు. పండగకు పిండివంట ఇస్తారు. పిల్లకు పాత లంగా ఓణీ ఇస్తారు. జాలి ఎంతయినా ఇస్తారు. బాకీ ఉన్న పని మాత్రం ఇవ్వరు. దయ చూపిస్తే తాము పెద్దవాళ్లవుతారు. బదులు తీరిస్తే ఆమె తమతో సమానమవుతుంది. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

ఎందుకంటే ఆ భయం ఒక దిక్కే నడిచింది. వాళ్ల చేనుకు ఆమె చేతులు కావలసినప్పుడు లేని భయం, ఆమె చేనుకు వాళ్ల చేతులు కావలసినప్పుడు వచ్చింది. నాట్లప్పుడు లేదు, కలుపప్పుడు లేదు. తీసుకునే రోజులన్నీ అయిపోయి, ఇచ్చే రోజు తెల్లారగానే పుట్టింది. ఇంత తెలివైన భయాన్ని నేనెక్కడా చూడలేదు.

ఆమె ఊరుకోలేదు. అప్పు తెచ్చి, పక్క మండలం నుంచి ఆటోలో వచ్చే కూలీలను మాట్లాడింది. ఆటో నిండా మనుషులు దిగారు. మొదటి రోజు పని బాగానే సాగింది. రెండో రోజు నడిపొద్దుకు వాళ్లలో ఇద్దరు ఊళ్లో కిరాణా కొట్టుకు తంబాకు కొనడానికి వెళ్లారు. తిరిగి వచ్చి మిగతావాళ్లతో గుసగుసలాడారు. మూడో రోజు ఆటో రాలేదు. ఆమె మేస్త్రికి ఫోన్ చేస్తే, అతను చాలా మర్యాదగా మాట్లాడాడట. "ఆటో ఖరాబైందక్కా" అన్నాడట. ఆ మధ్యాహ్నమే అదే ఆటో మా బాట మీదుగా ఇంకో రైతు చేనుకు మనుషుల్ని ఎక్కించుకుని పోయింది.

హనుమకొండలో ఆరోగ్య శాఖలో పనిచేసే పాత పరిచయస్తుడు ఒకతను ఉన్నాడు. ఎవరైనా ఒక నర్సును పంపు, గుంపులో ఒకరిద్దరితో మెల్లగా మాట్లాడిస్తే చాలు అని అడిగాను. నేను అడిగింది ఒకటి, వచ్చింది ఒకటి. జీపులో ఫ్లెక్సీ వచ్చింది, మైకు వచ్చింది, అరటిపళ్లు, బిస్కెట్లు వచ్చాయి. బడి ఆవరణలో అవగాహన సదస్సు పెట్టారు. ఊళ్లో ఇన్నేళ్లలో లేనిది ఇప్పుడే ఎందుకు పెట్టారో, ఎవరి గురించో అందరికీ అర్థమైంది. ఆమె పొలానికి పోయింది, రాలేదు.

వచ్చినతను మైకులో ప్రశ్నలు వేశాడు. "చెయ్యి కలిపితే వస్తుందా?" "రాదు" అన్నారు ఆడవాళ్లంతా. "కలిసి తింటే?" "రాదు." "దోమ కుడితే?" "రాదు." "మరి ఎట్ల వస్తుంది?" అంటే నాలుగు దారులూ వరసగా చెప్పారు, బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు. అతను చప్పట్లు కొట్టించాడు. ఫొటో తీశారు. మర్నాడు జిల్లా పేజీలో 'గ్రామీణ మహిళల్లో పెరిగిన చైతన్యం' అని వచ్చింది. ఆ శీర్షిక పెట్టిన కుర్రాడిని తప్పుపట్టను. జనానికి తెలియదు, తెలిస్తే మారతారు అనే ఒక్క వాక్యాన్ని మా వృత్తి మొత్తం ఏళ్ల తరబడి తిప్పి తిప్పి రాస్తూనే ఉంది. ఆ రోజు బడి ఆవరణలో కూర్చున్న ఆడవాళ్లలో తెలియనిది ఒక్కరూ లేరు. సదస్సు అయిన మర్నాడు కూడా ఆమె చేనుకు ఒక్కరూ రాలేదు.

ఆమె, అత్త, పదో తరగతి చదివే బిడ్డ ముగ్గురే ఏరారు. పిల్ల బడి మానేసింది. ముసలామె కూర్చుని జరుగుతూ కింది కొమ్మల కాయ తెంపేది, తెంపుతూ బాటన పోయేవాళ్లను పేరుపేరునా తిట్టేది. "అగో, పోతాంది సూడు దొరసాని! నా కోడలు నీ ఇంట్ల గాబు కడిగిన్నాడు నీకు రోగం రాలే, ఇయ్యాల అస్తదా?" ఆమె మాత్రం తిట్టలేదు. ఒకసారి నేను గట్టు మీద నుంచి పలకరిస్తే నడుం నిమురుకుంటూ అంది. "తిడితె ఇంకింత దూరం పోతరు మామా. రేపు మళ్ల నాట్లకు ఆళ్లే కావాలె నాకు."

చేను సగం మేర కాయ రంగు పోయింది. ఎర్రగా నిగనిగలాడాల్సిన చోట తెల్లటి మచ్చలు కనబడ్డాయి. ఆకాశంలో మబ్బు కూడా కడుతోంది.

అప్పుడొచ్చాడు ఆమె మరిది. మోటారు సైకిలు గట్టు మీద ఆపి, తల్లి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అరవలేదు, బెదిరించలేదు.

"అమ్మా, పంట నేల పాలైతాంది. నేనేరిపిస్త. కని ఒక్క మాట. ఈ ఒక్క పంట నాకు ఇడువు. వచ్చె కారు పంటకు చేను వదినెకే ఇస్త."

ముసలామె కోడలి వైపు చూసింది. కోడలు చేను వైపు చూసింది. ముసలామె సరేనని తలూపింది.  ముగ్గురి చేతులు కలిపినా ఆ చేను తేలదు.

మర్నాడు పొద్దున నేను గట్టు మీదే ఉన్నాను. బండ్ల బాట వెంట అదే గుంపు వచ్చింది. అవే తువ్వాళ్లు, అవే సద్ది డబ్బాలు, ముందు నడుస్తున్నావిడ కూడా ఆవిడే. ఈసారి ఆగారు. ఆమె చేలోకే దిగారు. అవే చెట్లు, అవే కాయలు. మొన్నటిదాకా ఆమె పగిలిన వేళ్లతో ఏరిన సాళ్లలోనే వాళ్లు చేతులు పెట్టారు. ఆమె మోటారు నీళ్లనే దోసిళ్లతో తాగారు. నడిపొద్దుకు మరిది ఫ్లాస్కుతో చాయ్ తెచ్చి పోశాడు. ఎవరో మాట అన్నారు, అందరూ నవ్వారు.

నేను ఉండబట్టలేక, గుంపులో ముందు నడిచిన ఆవిడను అడిగాను. "ఇప్పుడు నెత్తురు అంటదా అక్కా?"

ఆవిడ చేతిలోని కాయలు బకెట్లో వేసింది. ముఖంలో కోపం లేదు, తప్పు చేసిన భావమూ లేదు. "గిప్పుడు చేను చిన్నోనిది గద తమ్మీ. ఆయన పిలిచిండు, అచ్చినం. మాకేం కయ్యం ఆమెతోని?"

చేను చిన్నవాడిది. పట్టా మారలేదు, గట్టు మారలేదు, కాగితం మీద ఒక్క అక్షరం మారలేదు. పిలిచిన మనిషి మారాడు. దాంతోనే చేనులో ఉన్న రోగం పోయింది.

ఆ రోజు ఆమె చేనుకు రాలేదు. రావద్దని మరిది చెప్పాడట. "నువ్వుంటె ఆళ్లు రారు వదినె, ఇంట్లనే ఉండు" అన్నాడట, మంచిగానే. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని పిల్ల వేళ్లకు ఆముదం రాస్తోంది. పిల్ల చేతులు మిరప మంటకు ఉబ్బి ఉన్నాయి. ఏరుడు ఎంతవరకు వచ్చిందని అడిగింది. చెప్పాను. పడమటి మూలకు ముందు ఏరమని చెప్పాల్సిందని, అక్కడ కాయ తొందరగా తాలవుతుందని అంది. అది తన చేను అన్నట్టే మాట్లాడింది. తన చేనే.

హెచ్‌ఐవీ మనుషుల్ని చంపుతుందని మేము రాసేవాళ్లం. మందులు వచ్చాక చంపడం తగ్గిందనీ రాశాం, అది నిజమే. ఆమెను చూస్తే ఎవరూ రోగి అనరు. అందరికంటే ముందు సాలు పట్టే మనిషి. జబ్బు ఆమె చేతిలోంచి పనిని తీసుకోలేదు. పనిని ఊరు తీసుకుంది. అంతకుముందు ఆమె చేతుల్లో ఉన్న పనంతా పిండుకుని మరీ తీసుకుంది. దీనికి ఏ శాఖలోనూ మందు లేదు, ఏ చట్టం కింద కేసు పెట్టాలో నాకు తెలిసిన వకీలు కూడా చెప్పలేకపోయాడు. "మీరు రండి అని పిలిస్తే వాళ్లు రాలేదు. ఇది నేరమెట్ల అవుతుంది?" అన్నాడు.

ఆ మిరప కాయ ఏరడం అయిపోయింది, ఎండింది, మార్కెట్టుకు పోయింది. ఆ తర్వాత చేను ఖాళీగా ఎందుకు ఉండాలని మరిది మక్కజొన్న వేశాడు. మక్క కూడా కోశాడు. ఇప్పుడు వానలు పడ్డాయి, చేను మళ్లీ దున్ని ఉంది. దున్నింది అతని ట్రాక్టరే. ముసలామె రెండుసార్లు అడిగిందట, ఇస్త తియ్యి అన్నాడట. ఆమె ఇంటి పెరట్లో మిరప నారు పోసింది. నారు నాటే అదను దగ్గర పడింది. చేను ఇంకా ఆమెకు రాలేదు.